గుంజుడూ ఇడుసుడూ

రఘునాథపల్లి మీదుగా పోయే 163 నంబరు జాతీయ రహదారిపై క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకుని బండి నడపాలనుకునేవాడికి మనుషుల మీదా పశువుల మీదా కాస్త ఎక్కువ నమ్మకం ఉండాలి. నాలుగు వరుసల రోడ్డే. మధ్యలో డివైడరుంది. కోమళ్ల దగ్గర టోలూ కడుతున్నాం. అయినా పత్తి బోరాలు నింపుకున్న ట్రాక్టరు యూటర్న్ దాకా పోవడం దండగనుకుని ఎదురుగానే వచ్చేస్తుంది. డివైడరు మీద గడ్డి బాగుందని కనిపెట్టిన బర్రెలు తీరిగ్గా ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటుతాయి. వీటన్నిటి నడుమ ఓ ఐదారు కిలోమీటర్లు ఖాళీగా దొరికితే అప్పుడు స్టీరింగు మీది మీట నొక్కి కాలు తీసెయ్యొచ్చు. మా బావమరిది పికప్ తన గుణం బయటపెట్టింది ఆ ఖాళీ రోడ్డులోనే.

80 దగ్గర పెడితే 80లో నిలవదు. 77కు జారుతుంది. ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా టర్బో ఈల వేసి 84కు ఎగబాకుతుంది. ఎగబాకాక డీజిల్ మొత్తం ఆపేస్తుంది, మళ్లీ 77. వెనక సీట్లో మా అత్తమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపు ఓర్చుకుని, కళ్లు తెరవకుండానే, "ఏందిరా ఆ గుంజుడు, ఇడుసుడు? జెర మనసు పెట్టి నడుపు" అంది. ఆమె తిట్టిన కొడుకు కాలు అప్పటికి పెడల్ మీద లేనే లేదు.

కళ్లు మూసుకున్నవాళ్లకే ఇది ముందు తెలుస్తుంది. అసలు క్రూయిజ్ కంట్రోల్ పుట్టిందే అట్లా. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1890లో పుట్టాడు. ఐదేళ్ల వయసులో కత్తి తగిలి చూపు పోయింది. అయినా ఇంజనీరయ్యాడు, పిస్టన్ రింగులు చేసే కంపెనీకి అధిపతి అయ్యాడు, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. ఆయన ఓ లాయరు నడిపే కారులో తిరిగేవాడట. ఆ లాయరుకు మాట్లాడేటప్పుడు కాలు తేలికయ్యేది, వినేటప్పుడు బరువెక్కేది. మాటకు తగ్గుతూ మౌనానికి పెరుగుతూ పోయే ఆ కారులో చూపు లేని మనిషికి కడుపులో తిప్పేసింది. కాలు చేసే ఈ పని యంత్రానికి అప్పజెబితే పోలేదా అనుకున్నాడు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. మనిషి కాలు ఊగుతోందని పెట్టిన యంత్రం ఇప్పుడు రఘునాథపల్లిలో తానే ఊగుతోంది.

కొన్నప్పుడు బండి ఇలా లేదు. ఏడాది గడిచేసరికి బావమరిదికి దాని మీద ప్రేమ ముదిరింది. 16 అంగుళాల రిమ్ముకు ఉన్న 245/70 టైర్లు తీసేసి 265/75 టైర్లు ఎక్కించాడు. లెక్క కడితే చక్రం ఎత్తు 749 మిల్లీమీటర్ల నుంచి 804కు పోతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి 7 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు మాత్రం ఆ సంగతి తెలియదు. ముందు ఇనుప బంపరు, పైన క్యారియరు. అన్నిటికన్నా ముద్దుగా బానెట్ కింద సబ్బుపెట్టె అంత ట్యూనింగ్ బాక్సు. ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది అని గుర్తు చేస్తే, "బావా, భూపాలపల్లి బొగ్గు లారీలను చూసినవా ఎప్పుడన్నా?" అన్నాడు. చూశాను కాబట్టి ఊరుకున్నాను.

ఆ డబ్బా చేసే పని తమాషాగా ఉంటుంది. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో డీజిల్‌ను ఒక గొట్టంలో భయంకరమైన ఒత్తిడితో నిలవబెట్టి, అక్కణ్ణుంచి ఇంజెక్టర్లకు ఇస్తారు. గొట్టంలో ఒత్తిడి ఎంతుందో ఒక సెన్సరు కంప్యూటరుకు కబురు పంపుతుంటుంది. ఈ డబ్బా ఆ ఇద్దరి మధ్యా దూరి, ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువుందని చెబుతుంది. కంప్యూటరు నిజమే కాబోలనుకుని పెంచుతుంది. ఇంజెక్టరు ఎప్పటిలాగే అంతసేపే తెరుచుకున్నా డీజిల్ మాత్రం ఎక్కువ పడుతుంది. కాలితో నడిపేవాడికి ఇది పండగే, కొంచెం తొక్కితే చాలు లేడిలా లేస్తుంది. కానీ క్రూయిజ్ కంట్రోల్ లెక్కలన్నీ పాత బలానికి కట్టినవి. 3 కిలోమీటర్లు తగ్గింది, ఇంత డీజిల్ వేస్తే సరిపోతుంది అని అది వేసిన 'ఇంత' ఇప్పుడు 'అంత' అవుతోంది.

కాజీపేట వైపు ఉన్న మెకానిక్ కుర్రాడు డబ్బాను వెంటనే అనుమానించలేదు. అది నాకు నచ్చింది. ముందు క్రూయిజ్ తీసేసి, కాలు పెడల్ మీద ఒకేచోట ఆనించి నడపమన్నాడు. బండి నున్నగా పోయింది. "అయితే ఇంజన్ల ఏం లేదన్నా. పంపు, ఇంజెక్టర్లు, ఫిల్టరు... అన్నీ మంచిగనే ఉన్నయ్" అన్నాడు. డీజిల్ లైనులోకి గాలి పోతేనో, ఫిల్టరు పూడుకుపోతేనో కాలితో నడిపినా ఊగాల్సిందే. తర్వాత చేతి గడియారం చూస్తూ ఊపును కొలిచాడు. సెకనులోపే గడగడ కొడుతుంటే కరెంటు వైర్లనో, వేగం చెప్పే సెన్సరు దగ్గర చేరిన మట్టినో అనుమానించాలట. ఇది అలా లేదు. జారడం, ఆగడం, ఎగబాకడం, అన్నీ కలిపి ఐదారు సెకన్లు. అంత నిదానంగా ఊగితే వైర్లలో వెతకడం టైము దండగ, కబురుకీ పనికీ మధ్య ఆలస్యం ఎక్కడుందో చూడాలి. ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు చేత్తో తడిమాడు. ఒకటి కొంచెం వదులైంది, బిగించాడు. అప్పుడు ఆ డబ్బా ప్లగ్గు పీకి, దానితో వచ్చిన బైపాస్ ప్లగ్గు పెట్టాడు. ఊపు ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పావు వంతు ఎత్తు టైర్లదీ, పైన వేలాడే ఇనుముదీ.

టర్బో సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పెడల్‌కు జవాబు డీజిల్ ఇంజనులో వెంటనే రాదు. డీజిల్ కాలాలి, పొగ టర్బైన్‌ను తిప్పాలి, టర్బైన్ గాలిని కూరాలి. గాలి వచ్చేదాకా నల్లపొగ రాకుండా కంప్యూటరు డీజిల్‌ను బిగబట్టి ఉంచుతుంది. గాలి రాగానే వదులుతుంది. ఈలోపు వేగం ఇంకా పడిపోతోందని క్రూయిజ్ కంట్రోల్ ఇంకాస్త అడిగి ఉంటుంది. అడిగినదంతా ఒక్కసారే చేతికొస్తుంది. బలం పెంచినకొద్దీ ఆ 'ఒక్కసారి' మరీ గట్టిగా తగులుతుంది.

ఇదే బండి కాలితో నడిపితే ఎందుకు ఊగలేదు? ఒకటి, మనిషి ముందున్న ఎత్తును చూస్తాడు, వేగం తగ్గకముందే తొక్కుతాడు. యంత్రానికి అయిపోయినదే తెలుసు. రెండోదానికి మనం పెద్దగా విలువ ఇవ్వం. మనిషికి 80 అంటే 78 అయినా 82 అయినా ఒకటే, పట్టించుకోడు. ఆ నిర్లక్ష్యమే వెనక సీట్లో అత్తమ్మకు సుఖంగా నిద్ర పట్టిస్తుంది.

నా చిన్ననాటి స్నేహితుడి తండ్రి కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మధ్యాహ్నం భోజనానికి వాళ్లింట్లో దిగినప్పుడు ఈ కథ చెబితే ఆయన నవ్వారు. "మా ఇంజన్లు గిట్లనే ఊగేటియి కొడుకా" అన్నారు. ఆయన చేతిలో పెరిగినవి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు, 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. డ్రైవరు పిడికి 8 నాచ్‌లు. ఏ నాచ్‌లో పెడితే ఇంజను ఆ వేగంతో తిరిగేలా చూసుకునే బాధ్యత గవర్నరుది. దానిలో తిరిగే బరువులు, ఒక స్ప్రింగు, వాటి మాట విని డీజిల్ పంపులను కదిలించే ఆయిలు. గవర్నరు జబ్బుల్లో చాలావాటికి మూలం ఆ ఆయిలు మురికి కావడమే అంటారాయన. కొత్త ఆయిలు పోశాక చేసే పని ఒకటి చెప్పారు. గవర్నరు పక్కన సన్నటి సూది వాల్వు ఉంటుంది. ముందు దాన్ని బాగా తెరిచి, ఇంజనును కావాలనే ఊగనిస్తారు. షెడ్డంతా దద్దరిల్లేలా లేస్తూ పడుతూ కాసేపు తిరుగుతుంది. ఆ ఊపుకు ఆయిల్లో ఇరుక్కున్న గాలి బుడగలు బయటపడతాయి. అప్పుడు స్క్రూడ్రైవరుతో వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ పోవాలి. ఊపు చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది, ఒకచోట ఆగిపోతుంది. "ఆడనే ఆపాలె. ఇంక జెర బిగిస్తే మళ్ల బద్ధకమైతది, లోడు పడ్డా లెవ్వది" అని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఆ 'జెర' ఎంతో గాలిలో తిప్పి చూపించారు. నలభై ఏళ్ల కింది స్క్రూ ఆ వేళ్ల మధ్య ఇంకా ఉన్నట్టే ఉంది.

ఈ తగవు ఆ ఇంజన్ల కన్నా పాతది. జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి యంత్రానికి తిరిగే రెండు గుండ్లు తగిలించినప్పుడు అది బాగానే పనిచేసింది. గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి జార్జ్ ఎయిరీ 1840లో టెలిస్కోపును నక్షత్రాల వెంట నిదానంగా తిప్పడానికి అలాంటి గవర్నరే పెట్టుకుంటే అది అదుపు తప్పి ఊగిపోయింది. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కూర్చుని దీని గణితం తేల్చాడు. విద్యుత్తును, అయస్కాంతాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చిన మాక్స్‌వెల్లే. గవర్నరును కదిపి వదిలితే నాలుగే జరుగుతాయన్నాడు: తేడా పెరుగుతూ పోవచ్చు, తగ్గుతూ పోవచ్చు, ఊగుతూ పెరగొచ్చు, ఊగుతూ తగ్గొచ్చు. మనకు కావలసినవి తగ్గే రెండే.

నాకు వీటన్నిటికన్నా ఇంకో సంగతి రుచిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో లేత్ పని మెరుగై, ఇరుసులు నునుపై, రాపిడి తగ్గినకొద్దీ ఆవిరి యంత్రాల ఊపు ఎక్కువైంది. మొరటు యంత్రాలను ఊగకుండా పట్టుకున్నది వాటి మొరటుదనమే! రష్యా ఇంజనీరు విష్నెగ్రాడ్‌స్కీ 1870ల్లో ఇదే లెక్కగట్టి చెప్పాడు, గవర్నరుకు కొంత రాపిడి ఉండితీరాలని. బావమరిదికి ఇది చెబితే ఒప్పుకోలేదు. ప్రతి భాగం మెరుగైనదే కొన్నాడట, బండి ఎట్లా పాడవుతుందట. పాడైందని నేనన్నానా? టైరు తన పని చేస్తోంది, టర్బో తన పని చేస్తోంది, డబ్బా చెప్పిన ధరకు చెప్పినంత బలం ఇస్తోంది. అందరూ బుద్ధిమంతులే ఉన్న ఉమ్మడి కుటుంబంలో కూడా పొద్దస్తమానం గొడవలుండవచ్చు, ఎవరి కబురు ఎవరికి ఎప్పుడు చేరుతోందన్నది అసలు విషయమైనప్పుడు.

చెరువు కింద సాగు చేసినవాళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. తూము దగ్గరి నీరటికి ఈ సంగతి తెలుసు. చివరి మడికి నీళ్లు అందలేదని కేకలొచ్చాయని తూము బారెడు తెరిస్తే, ఆ నీళ్లు కిందికి చేరేసరికి తెల్లవారుతుంది, గట్లు తెగుతాయి. నిదానపు నీరటి కొంచెం ఎత్తుతాడు, బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు. కింద ఉన్నవాళ్లు వాణ్ని సోమరి అని తిడతారు.

బండికి చివరికి జరిగింది పెద్దగా ఏం లేదు. డబ్బా పీకెయ్యడానికి బావమరిది ససేమిరా అన్నాడు. దానిలో ఉన్న బలం మెట్లలో అన్నిటికన్నా కిందిదానికి తగ్గించాడు మెకానిక్. పాత సైజు టైర్లు ఈసారి అరిగినప్పుడు వేయిద్దామని మాట. ఇప్పుడు 79, 81 మధ్య తిరుగుతోంది, అత్తమ్మకు తెలియడం లేదు. అంతవరకు చాలు.

కానీ ఈ ఊపు నా తలలోంచి పోలేదు, మిర్చి ధరలోనూ ఇదే కనిపించింది. రఘునాథపల్లి ఇప్పుడున్న జనగామ జిల్లా వేరుపడ్డది 2016 అక్టోబరులో. అంతకుముందు ఇదంతా వరంగల్ జిల్లాయే, పంట అమ్మాలంటే చాలామందికి దారి ఎనుమాముల మార్కెట్టుకే. ఆ ఏడాదే మిర్చి క్వింటాలు 12 వేల రూపాయల చుట్టూ పలికింది. చుట్టుపక్కల నాలుగైదు జిల్లాల రైతులూ ఆ కబురు విన్నారు. తప్పు కబురేం కాదు, నిజమే. కాకపోతే అది పోయిన పంట కబురు. వానాకాలంలో నారు పోసి, నాటి, మందులు కొట్టి, కోసి, ఎండబెట్టి బస్తాలకెత్తేసరికి మళ్లీ వేసవి. 2017 ఏప్రిల్‌కు ధర 3 వేల దరిదాపులకు పడిపోయింది. ఖమ్మం మార్కెట్ యార్డులో ఏప్రిల్ 28న రైతుల కడుపుమంట రాళ్లై లేచింది. కేంద్రం మే మొదట్లో క్వింటాలుకు 5 వేలిచ్చి కొంటామంది. ఆ 5 వేలు కూడా మన పికప్ డీజిల్ లాంటివే: అప్పటికే బస్తాలు అయినకాడికి అమ్ముకుని ఇంటికి పోయినవాళ్లు ఎందరో. ధర పడ్డాక సాగు తగ్గుతుంది, సాగు తగ్గాక ధర లేస్తుంది, లేచాక మళ్లీ అందరూ నారు పోస్తారు. ఎకనామిక్సులో దీనికి సాలెగూడు సిద్ధాంతం అని పేరుంది, 1934లో నికొలస్ కాల్డర్ పెట్టాడు. కంది విషయంలోనూ అవే రెండు సంవత్సరాల్లో ఇదే ఆట నడిచింది.

ఇక్కడ రైతుకు తెలివి లేదనేవాళ్లతో నాకు పేచీ. నిరుటి ధర చూసి ఈ ఏడు విత్తేవాడు తన దగ్గరున్న ఒకే ఒక్క మీటరును నమ్ముతున్నాడు. క్రూయిజ్ కంట్రోల్ కూడా అంతే చేస్తోంది. పైగా ఇందులో ఒక్కరు తొందరపడితే ఏమీ కాదు, ఒకే కబురు విని లక్షమంది ఒకేసారి పెడల్ తొక్కుతారు. కరెంటు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్న రోజులు గుర్తున్నాయి కదా? 2018 జనవరిలో సాగుకు 24 గంటల కరెంటు రాకముందు, రాత్రి ఏ ఝామునో కరెంటు రాగానే ఊరి మోటర్లన్నీ ఒక్క క్షణంలో లేచేవి, ట్రాన్స్‌ఫార్మరు కాలేది. ఏ స్టార్టరూ తప్పు చేయలేదు.

మరి మిర్చికి ఆ సూది వాల్వు ఏది? కోల్డ్ స్టోరేజీలు కొంత ఆ పని చేస్తాయి, ఎర్రటి బస్తాలను నెలల తరబడి దాచిపెట్టి ధర ఊపును కొంచెం నొక్కిపెడతాయి. అద్దె కట్టగలిగినవాడికి, పెట్టుబడి అప్పు అప్పుడే తీర్చనక్కరలేనివాడికి మాత్రమే ఆ తలుపు తెరుచుకుంటుంది. కౌలు రైతుకు ఆగి చూసే సౌకర్యం ఎక్కడిది? నీరటికి బీడీ ముట్టించుకునేంత టైముంది, వీడికి లేదు. వడ్డీ ఆగదు.

మొన్న మరిపెడ వైపు నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. మిర్చి వేద్దామనుకుంటున్నాడట, ఎనుమాములలో ఇప్పుడు ధర ఎట్లుందో కనుక్కుని చెప్పమన్నాడు. కనుక్కోవడం ఎంతసేపు. "ధర సంగతి తర్వాత తమ్మీ, మీ మండలంల విత్తనాల షాపు కాడ లైను ఎంతున్నది?" అని అడిగాను. "అబ్బో, పొద్దుగాల నుంచే పాస్‌బుక్కులు, చెప్పులు వరుసకు పెట్టిన్రు అన్నా" అన్నాడు. "అయితే రెండెకరాల మాట మానుకో, అద్దెకరం వెయ్యి. మిగిలినదాంట్ల మక్క పెట్టు" అన్నాను. సరేనన్నాడు గానీ, ఆ లైనులో వాడి చెప్పులూ ఉన్నాయేమోనని నాకు అనుమానం.